1956కి ముందు మన వైజాగ్‌లో విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీలు ఉండేవా? ఇంట్లో పాత పాలసీ దొరికింది

వన్‌టౌన్_వాసు

అందరికీ నమస్కారం. కురుపాం మార్కెట్ దగ్గర మా పాత ఇల్లు అమ్మేస్తున్నాం, అటక మీద ట్రంకు పెట్టె దించితే ఇంటి దస్తావేజులూ పన్ను రసీదుల మధ్యలో ఒక ఇన్సూరెన్స్ పాలసీ బయటపడింది. మా ముత్తాత గారి పేరు మీద, 1935లో తీసుకున్నది, 20 ఏళ్ల ఎండోమెంట్ (గడువు తీరినా మధ్యలో మనిషి పోయినా డబ్బొచ్చే రకం) అట, రెండు వేల రూపాయలకి. కంపెనీ కెనడాది! కింద మద్రాస్ బ్రాంచి ముద్ర ఉంది. కాయితం కరెన్సీ నోటులా మందంగా ఉంది, అంచు చుట్టూ లతల డిజైను, వెనక పక్క చేత్తో ఏదో అసైన్‌మెంట్ అని నాలుగు లైన్లు రాసి సంతకాలు. ఆయన అప్పట్లో మాంగనీసు ఎగుమతి చేసే ఒక కంపెనీలో గుమస్తా.

నాకు తెలిసి ఇన్సూరెన్స్ అంటే ఎల్‌ఐసీ, ప్రైవేటువన్నీ 2000 తర్వాత వచ్చినవే. మరి కెనడా వాడు ఇక్కడ గుమస్తాకి పాలసీ అమ్మడం ఏంటి, ఎప్పుడొచ్చారు వీళ్లు, ఎప్పుడు తరిమేశారు, ఇప్పుడు మళ్ళీ 100 శాతం విదేశీ పెట్టుబడి అని పేపర్లో వస్తోంది కదా అది ఇదీ ఒకటేనా? ఇంకోటి (నవ్వకండి) దీని మీద డబ్బులేమైనా వస్తాయా?

రిటైర్డ్_డీఓ

నవ్వడానికేముంది బాబూ, నేను డెవలప్‌మెంట్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఇలాంటి కాయితాలు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను.

ముందు చరిత్ర చెప్తాను, కాస్త పొడుగవుతుంది. మన దేశంలో లైఫ్ ఇన్సూరెన్స్ మొదలుపెట్టిందే విదేశీయులు. 1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్ అని యూరోపియన్లు పెట్టారు, 1829లో మద్రాస్‌లో మద్రాస్ ఈక్విటబుల్ వచ్చింది. ఎవరి కోసం? వాళ్ల కోసమే. ఇక్కడ ఉద్యోగానికొచ్చి కలరా వచ్చి పోతే వెనక పెళ్ళాం పిల్లల గతేంటని. మనవాళ్లకి అసలు పాలసీ ఇచ్చేవారు కాదు, తర్వాత కలకత్తాలో బాబు ముత్తీలాల్ సీల్ లాంటి పెద్దమనుషులు గట్టిగా పట్టుబడితే ఇవ్వడం మొదలెట్టారు గానీ ఇండియన్ ప్రాణం అంటే నాసిరకం సరుకన్నట్టు అదే వయసుకి అదే మొత్తానికి ఎక్కువ ప్రీమియం వసూలు చేసేవారు. 1870లో బొంబాయి మ్యూచువల్ వాళ్లు వచ్చి మామూలు రేటుకే భారతీయులకి పాలసీ ఇచ్చేదాకా ఈ వరస నడిచింది.

జనరల్ ఇన్సూరెన్స్ కూడా అంతే, 1850లో కలకత్తాలో ట్రైటన్ అని బ్రిటిష్ వాళ్లదే మొదటిది. సరుకు వాళ్లది, ఓడ వాళ్లది, గోడౌను వాళ్లది, ఇన్సూరెన్స్ మాత్రం మనవాడి దగ్గర ఎందుకు చేయిస్తారు?

మీ ముత్తాతగారి రోజులకి పరిస్థితి మారింది. స్వదేశీ ఉద్యమం ఊపులో 1906లో మద్రాస్‌లో యునైటెడ్ ఇండియా, 1907లో కలకత్తాలో ఠాగూర్ గారింట్లో ఒక గదిలో హిందుస్తాన్ కోఆపరేటివ్, ఇలా బోలెడు దేశీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. పోటీ వచ్చాక తెల్లవాళ్లు కూడా గుమస్తాలు, మాస్టార్లు, రైల్వే ఉద్యోగులు, ఎవరి గుమ్మమైనా ఎక్కారు. ఇంగ్లాండ్ ప్రుడెన్షియల్ అయితే 1923లో విదేశాల్లో పెట్టిన తన మొట్టమొదటి లైఫ్ బ్రాంచి ఇండియాలోనే పెట్టింది, తొలి పాలసీ అస్సాంలో ఒక టీ తోటల ఆయనకి అమ్మారట. కెనడా కంపెనీలు కూడా గట్టిగానే తిరిగాయి, సన్ లైఫ్ వాళ్లు చాలాకాలం ఇక్కడ వ్యాపారం చేశారు. మనం మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్నాం కాబట్టి ఇక్కడి వ్యాపారమంతా మద్రాస్ ఆఫీసు కింద నడిచేది. ఊళ్లో పలుకుబడి ఉన్న ఏజెంటు ప్రపోజలు రాయించి, డాక్టరు చేత పరీక్ష చేయించి పంపిస్తే పాలసీ అక్కణ్ణుంచి పోస్టులో వచ్చేది.

వెనక రాసిన అసైన్‌మెంట్ అంటే పాలసీ తాకట్టు పెట్టి అప్పు తెచ్చారన్నమాట. దాని కిందే రీ-అసైన్‌మెంట్ అని ఇంకోటి ఉందేమో చూడండి, ఉంటే అప్పు తీరినట్టు. ఇంకో సంగతి, క్లెయిమ్ ఇచ్చేస్తే ఒరిజినల్ బాండు వెనక్కి తీసేసుకుంటారు. మీ దగ్గర ఒరిజినల్ ఉందంటే డబ్బు తీసుకోలేదనే ఎక్కువ అవకాశం, మధ్యలో ప్రీమియం కట్టక లాప్స్ అయ్యుండాలి. ఆఖరి ప్రీమియం రసీదు ఎప్పటిదో వెతికి చెప్పండి, మిగతాది అప్పుడు చెప్తా.

సిరిపురం_సిప్

డీఓ గారు సూపర్ సార్. రెండో సగం నేను చెప్తా.

1999లో ఐఆర్‌డీఏ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) చట్టం వచ్చింది, 2000 నుంచి మళ్ళీ తలుపులు తీశారు కానీ విదేశీ వాటా 26 శాతం దాటకూడదని రూలు పెట్టారు. అందుకే మనకి అన్నీ జంట పేర్లు, ఐసీఐసీఐ పక్కన ప్రుడెన్షియల్, బిర్లా పక్కన సన్ లైఫ్, హెచ్‌డీఎఫ్‌సీ పక్కన స్టాండర్డ్ లైఫ్. అంటే పైన సార్ చెప్పినవాళ్లే చాలామంది మనోడి చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి వచ్చారు. 2015లో 49, 2021లో 74, ఇప్పుడు 2025 బడ్జెట్లో 100 అని చెప్పి డిసెంబర్లో పార్లమెంటులో బిల్లు పాస్ చేశారు.

కానీ జనం ఒకటి గమనించరు, గేటు పెద్దది చేసేకొద్దీ లోపలున్నోళ్లు కొందరు బయటికి నడిచారు! న్యూయార్క్ లైఫ్ 2012లో మాక్స్‌ని వదిలి పోయింది. స్టాండర్డ్ లైఫ్ వాళ్లు హెచ్‌డీఎఫ్‌సీలో వాటా అమ్ముకుంటూ అమ్ముకుంటూ 2023కి పూర్తిగా ఖాళీ. అలియాంజ్ వాడు బజాజ్‌తో 24 ఏళ్ల కాపురం తర్వాత 2025 మార్చిలో విడాకుల కాయితం మీద సంతకం పెట్టాడు. మా అమ్మ పాలసీ కథ వినండి, ఐఎన్‌జీ వైశ్యా అని కొంది, డచ్ వాళ్లు పెద్ద కంపెనీ అని ఏజెంటు తెగ ఊదరగొట్టాడు, 2013లో వాళ్లు వాటాలు ఎక్సైడ్‌కి అమ్మేసి పోయారు, బ్యాటరీల కంపెనీ అండీ బాబూ, మా అమ్మ ఇప్పుడు ఇన్వర్టర్ ఇస్తారా అని అడిగింది, తర్వాత 2022లో అది హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌లో కలిసిపోయింది. పాలసీ నంబరు కింద పేరు రెండుసార్లు మారింది, ప్రీమియం మాత్రం టంచనుగా కట్ అవుతూనే ఉంది.

కాబట్టి వాసు గారూ ఏజెంటు విదేశీ బ్రాండు అని చెప్తే పొంగిపోకండి, ఎప్పుడు మూటాముల్లె సర్దుతాడో వాడికే తెలీదు.

గురజాడ_వీధి_మేష్టారమ్మ

తరిమేశారు అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. 1956 జనవరి 19న ఆర్డినెన్స్ తెచ్చి లైఫ్ ఇన్సూరెన్స్ మొత్తం సర్కారు చేతిలోకి తీసుకున్నారు, ఆ రాత్రి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రేడియోలో ప్రకటించారు, సెప్టెంబర్ 1న ఎల్‌ఐసీ మొదలైంది. అంతా కలిపి 245 సంస్థలు. అందులో 154 దేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు (చిన్న మొత్తాలకి ఇన్సూరెన్స్ చేసేవి), విదేశీవి ఎన్నో తెలుసా? 16. కేవలం 16. తెల్లవాళ్ల మీద కోపంతో చేసిన పని అయితే ఆ పదహారింటినీ పంపేస్తే సరిపోయేది కదా.

అసలు కారణం మన షావుకార్లే. పాలసీదారుల డబ్బు తీసుకెళ్లి సొంత వ్యాపారాల్లో పెట్టుకున్నారు. రామకృష్ణ దాల్మియా చేతిలో ఉన్న భారత్ ఇన్సూరెన్స్ సొమ్ము సంగతి 1955 డిసెంబర్లో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టారు, తర్వాత ఆయనకి రెండేళ్ల జైలు కూడా పడింది. అంతకుముందు ఓ పదేళ్లలో 25 కంపెనీలు దివాలా తీశాయి, ఇంకో 25 నష్టానికి వేరేవాళ్లకి అప్పగించుకున్నాయి. నష్టం ఎవరికి, పైసా పైసా కట్టిన టీచర్లకీ గుమస్తాలకీ. ఆ గొడవలో విదేశీ కంపెనీలు పెద్ద దోషులేం కాదు, ఊరంతా ఖాళీ చేయించినప్పుడు వాళ్ల ఇల్లూ ఖాళీ అయింది, అంతే.

అలా అని సర్కారు చేతికొచ్చాక అంతా శుద్ధం అయిపోయిందనుకోకండి, ఏడాది తిరక్కుండానే 1957లో ఎల్‌ఐసీ డబ్బు హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో పోశారు, అది మళ్ళీ అదే ఫిరోజ్ గాంధీ పట్టుకున్నారు, 1958లో టీటీ కృష్ణమాచారి ఆర్థికమంత్రి పదవి పోయింది.

మన ఆంధ్రా వైపు నుంచి ఒక మాట. 1925లో బందరులో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టింది భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, ఆంధ్రా బ్యాంకు పెట్టిన రెండేళ్లకి. మన డబ్బు ప్రీమియంగా లండన్ వెళ్లిపోతోంది, ఆ పెట్టుబడి ఇక్కడే ఉండాలన్నది అప్పటి స్వదేశీ వాదన. వాసు గారి ముత్తాతగారికి 1935లో బందరు కంపెనీ కూడా అందుబాటులో ఉంది మరి, అయినా కెనడా వైపు మొగ్గారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, దేశీ కంపెనీలు ఎప్పుడు మునుగుతాయో తెలియని రోజుల్లో దూరపు పెద్ద కంపెనీయే భద్రం అనిపించి ఉంటుంది.

వన్‌టౌన్_వాసు

వామ్మో ఇంత కథ ఉందా. మేడమ్ మీరన్నది నిజమే కావచ్చు, మా తాతగారు వాళ్ల నాన్న గురించి చెప్పేటప్పుడు ఎవర్నీ నమ్మేవాడు కాదు అనే చెప్పేవారు.

డీఓ గారూ, రసీదులు దొరికాయి, సన్నటి పసుపు కాయితాలు, దారంతో కుట్టి ఉన్నాయి. ఆఖరిది 1942 జనవరిది. రీ-అసైన్‌మెంట్ కూడా ఉంది, 1940లో. 1942 ఏప్రిల్లో బాంబులు పడినప్పుడు మావాళ్లంతా బళ్లు కట్టించుకుని ఎస్. కోట పారిపోయారు, రెండేళ్లు రాలేదు. ప్రీమియం అప్పుడే ఆగిపోయినట్టుంది.

రిటైర్డ్_డీఓ

అదీ సంగతి. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బరు మీదా కాకినాడ మీదా పడ్డాయి, ఊరు సగం ఖాళీ అయిపోయింది, అలాంటప్పుడు ప్రీమియం నోటీసు ఏ అడ్రసుకి వస్తుంది.

సరే లెక్క చూద్దాం. 1938 ఇన్సూరెన్స్ చట్టం 113వ సెక్షన్ ప్రకారం వరసగా మూడేళ్లు ప్రీమియం కడితే పాలసీకి సరెండర్ వేల్యూ (మధ్యలో వదులుకున్నా చేతికొచ్చే విలువ) వస్తుంది, ఆపేసినంత మాత్రాన పూర్తిగా చచ్చిపోదు. మీవాళ్లు ఏడేళ్లు కట్టారు, ఇరవైలో ఏడు వంతులు, అంటే రెండు వేలకి పెయిడప్ (కట్టిన మేరకు మిగిలే పాలసీ మొత్తం) 700 రూపాయలు, బోనస్ ఏదైనా కలిసుంటే అదనం. 1955లో మెచ్యూర్ అయ్యుండాలి. 1956లో ఆ 16 విదేశీ కంపెనీల ఇండియా లైఫ్ వ్యాపారం అప్పులూ ఆస్తులూ అన్నీ ఎల్‌ఐసీకే వచ్చాయి, పాత కంపెనీల పాలసీలకి కూడా ఎల్‌ఐసీ చట్టం 37వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం గ్యారంటీ ఉంది. కాబట్టి అడగాల్సింది కెనడాని కాదు, మన ఎల్‌ఐసీనే. కానీ 70 ఏళ్లయింది, వారసుల సర్టిఫికెట్లు కావాలి, ఆ ఏడొందల మీద మీరు స్టాంపు పేపర్లకి పెట్టే ఖర్చే ఎక్కువ. సరదాకి అడగాలనుకుంటే జెరాక్స్ పట్టుకెళ్లండి, ఒరిజినల్ చేతిలో పెట్టొద్దు.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి, అప్పట్లో మామూలు ఫైర్ పాలసీలో బాంబు దెబ్బకి కవరు లేదు, లండన్ వాడికైనా బందరు వాడికైనా యుద్ధం అనగానే చేతులెత్తేయడమే. అందుకే 1940లో సర్కారే వార్ రిస్క్స్ గూడ్స్ ఇన్సూరెన్స్ అని ఆర్డినెన్స్ తెచ్చి సరుకు నిల్వ పెట్టే వ్యాపారుల చేత తప్పనిసరిగా కట్టించింది. పోర్టులో సరుకున్న షావుకార్లకి 1942లో ఆ పాలసీ విలువ తెలిసొచ్చి ఉంటుంది.

సిరిపురం బాబుకి ఒక మాట, విదేశీ వాళ్లు మనకేం మిగల్చలేదనుకోకు. ప్రీమియం ఎంత వెయ్యాలనే లెక్క, అదే యాక్చువరీ పని, వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం. మొదట ఇంగ్లీషువాళ్ల మరణాల పట్టిక తీసుకుని మనవాడి వయసుకి కొన్నేళ్లు కలిపి రేటు వేసేవారు. తర్వాత బొంబాయి ఓరియంటల్ కంపెనీ తన సొంత పాలసీదార్ల లెక్కలతో 1925-35 పట్టిక తయారు చేసింది, ఎల్‌ఐసీ వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు ప్రీమియం రేట్లు ఆ పట్టిక మీదే నడిచాయి. మా రోజుల్లో రేటు బుక్కు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం, అందులో అంకెలు ఎక్కడివని ఒక్క కస్టమర్ అడిగితే ఒట్టు.

జెట్టీ_బాబాయ్

ఏటి మీరంతా లైఫ్ దగ్గరే ఆగిపోయారు. పోర్టులో పని చేసేవాణ్ణి కాబట్టి చెప్తన్నాను, విదేశీ ఇన్సూరెన్స్ వైజాగ్ వదిలి ఒక్కరోజు కూడా పోలేదు.

జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్ని 1971లో చేతిలోకి తీసుకుని 1973 జనవరి 1 నుంచి జాతీయం చేశారు, 107 కంపెనీల్ని నాలుగు చేశారు, నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. విదేశీ కంపెనీల బ్రాంచీలు కూడా అందులోనే కలిసిపోయాయి. బాగుంది. కానీ బెర్తు మీదికొచ్చే ఓడకి ఎవరు గ్యారంటీ? పీ అండ్ ఐ క్లబ్బులని ఉంటాయి, ఓనర్లే కలిసి పెట్టుకున్న మ్యూచువల్స్, ప్రపంచంలో సముద్రం మీద తిరిగే టన్నేజీలో దాదాపు 90 శాతం 12 క్లబ్బుల చేతిలో ఉంది, లండన్, నార్వే, జపాన్ అలా. మనిషికి దెబ్బ తగిలినా, చమురు కారినా, సరుకు తక్కువొచ్చినా వాళ్లే.

ఎలా జరుగుద్దో చెప్తా. యూరియానో బొగ్గో వచ్చింది, డ్రాఫ్ట్ సర్వే (ఓడ నీళ్లలో ఎంత మునిగిందో చూసి బరువు కట్టడం) చేస్తే బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడవాడిచ్చిన సరుకు రసీదులో, రాసినదానికంటే తక్కువుంది. సరుకోడు లాయరు దగ్గరికి పరిగెత్తి ఓడని అరెస్టు చేయిస్తానంటాడు, హైకోర్టు నుంచి ఆర్డరొస్తే ఓడ కదలదు, రోజుకి లక్షల్లో నష్టం. అప్పుడు క్లబ్బు వాళ్ల లోకల్ కరస్పాండెంట్ ఫోన్ల మీద ఫోన్లు, రాత్రికి రాత్రి లండన్ నుంచి లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అని ఒక పేజీ వస్తుంది, కోర్టులో ఓడిపోతే ఇంత దాకా మేం కడతాం అని. సరుకోడు ఒప్పుకున్నాడా, తెల్లారి పైలట్ ఎక్కి ఓడ బయటికి. ఆ ఒక్క కాయితం కోసం గేటు దగ్గర టీ మీద టీ తాగుతూ తెల్లార్లూ కూర్చున్న ఏజెంట్లు ఎంతమందో. 2020 అక్టోబర్లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా గుర్తుందా, మీరంతా సెల్ఫీలు తీసుకున్నారు, మాకు మాత్రం లోపలి ఆయిలు ఎవరు తీస్తారు, ఖర్చు ఎవరిదీ అన్నదే తలనొప్పి.

ఇంకా రీ-ఇన్సూరెన్స్ ఉంది, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలే తమ రిస్కుకి చేయించుకునే ఇన్సూరెన్స్. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్ 12, ఎయిర్‌పోర్టు పైకప్పు దగ్గర్నుంచి ఫ్యాక్టరీల షెడ్లదాకా లేచిపోయాయి, మన కంపెనీలే క్లెయిములు కట్టాయనుకుంటాం, పెద్ద రిస్కుల్లో కొంత ముందే బయటి రీ-ఇన్సూరర్లకి అమ్మేసి ఉంటారు. మ్యూనిక్ రీ, స్విస్ రీ లాంటోళ్లు 2016 చివర్లో లైసెన్సు తీసుకుని బ్రాంచీలే పెట్టుకున్నారు ఇక్కడ. బోర్డు కనపడదు కాబట్టి లేరనుకుంటాం.

నైరోబీలో_గాజువాక

ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది, ఎందుకంటే నేనున్న దేశంలో విదేశీ కంపెనీ అంటే మనమే. ఇక్కడ కెన్ఇండియా అని పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ ఉంది. మన ఎల్‌ఐసీకీ జనరల్ కంపెనీలకీ కెన్యాలో బ్రాంచీలు ఉండేవి, బ్రాంచీలు కుదరవు లోకల్ కంపెనీ పెట్టండి మావాళ్లకి వాటా ఇవ్వండి అని ఈ ప్రభుత్వం పట్టుబడితే 1978లో అన్నీ కలిపి ఇది చేశారు. మనం 26 శాతం అని వాళ్లకి పెట్టిన రూలు లాంటిదే, ఇరవై ఏళ్ల ముందే మనకి వీళ్లు పెట్టారు. న్యూ ఇండియా అయితే 1919లో దొరాబ్జీ టాటా పెట్టిన మరుసటేడే లండన్‌లో ఆఫీసు తెరిచింది, 1950 నుంచి జపాన్‌లో ఉంది. ఫిజీలో, మారిషస్‌లో ఎల్‌ఐసీ ఇప్పటికీ ఉంది.

టాటాతో ఉన్న ఏఐజీ సంగతి ఇంకా విచిత్రం, అమెరికా కంపెనీ అంటాం గానీ 1919లో సి.వి. స్టార్ అనే అమెరికన్ షాంఘైలో పెట్టాడు. కమ్యూనిస్టులు వచ్చాక అక్కడ దుకాణం మూసేసి, 1992లో ఏఐఏ పేరుతో అదే షాంఘైకి లైసెన్సు తెచ్చుకున్నారు.

బాబాయ్, ఇక్కడ 2017 నుంచి దిగుమతి సరుకుకి మెరైన్ ఇన్సూరెన్స్ కెన్యా కంపెనీ దగ్గరే చేయించాలని గట్టిగా అమలు చేస్తున్నారు. మన దగ్గర అలాంటిది లేదా?

జెట్టీ_బాబాయ్

అంతా కొనుగోలు ఎలా రాసుకున్నారన్న దాని మీద ఉంటుంది బాబూ. సీఐఎఫ్ రేటుకి (ధరలోనే ఇన్సూరెన్సూ ఓడ కిరాయీ కలిపి) కొంటే ఇన్సూరెన్స్ అమ్మినోడే చేయిస్తాడు, వాడి దేశం కంపెనీలో, సరుకు తడిసి వస్తే మనం ఏ సింగపూరుకో మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. ఎఫ్ఓబీకి (ఓడెక్కించేదాకానే అమ్మినోడి బాధ్యత) కొంటే మన కంపెనీలో చేయించుకోవచ్చు, సర్వేయరు ఆటో ఎక్కి వచ్చేస్తాడు. చిన్న ఇంపోర్టర్లు టన్నుకి నాలుగు డబ్బులు మిగుల్తాయని సీఐఎఫ్‌కే సంతకం పెట్టేస్తారు, క్లెయిమ్ వచ్చినప్పుడు మా దగ్గరికొచ్చి ఏడుస్తారు. మీవాళ్లెవరైనా దిగుమతులు చేస్తుంటే బేరం కుదిరేటప్పుడే ఆ మూడక్షరాలు చూసుకోమని చెప్పండి.